అన్‌సీజన్‌లో బీచ్‌కి: హైదరాబాద్ నుంచి వెళ్ళి నాలుగు రోజులు ప్రశాంతంగా ఎక్కడ ఉండొచ్చు?

మణికొండ_అమ్మాయి

అందరికీ నమస్కారం. జూలై చివర్లో గానీ ఆగస్టు మొదట్లో గానీ సముద్రం దగ్గర ఎక్కడైనా నాలుగు రోజులు ఉండి రావాలని ఉంది. నేను, మా ఆయన, మా అమ్మ. మా ఇద్దరివీ ఐటీ ఉద్యోగాలే. ఉగాది నుంచి సరిగ్గా సెలవన్నదే లేదు, రాత్రి పదకొండైనా ల్యాప్‌టాప్ మూయడం కుదరడం లేదు, రోజూ ఆఫీసుకు వెళ్ళి రావడంలోనే సగం ఓపిక ట్రాఫిక్‌కి పోతోంది. అందుకే చూడాల్సిన ప్రదేశాల జాబితాలు, వాటర్ స్పోర్ట్స్, పార్టీలు ఏవీ వద్దు. పొద్దున్నే లేచి ఒడ్డున నడవాలి, మధ్యాహ్నం హాయిగా పడుకోవాలి, మంచి చేపల కూర తినాలి. అంతే.

అమ్మకు మోకాళ్ళ నొప్పులు, మెట్లెక్కలేదు. శనివారం నీచు ముట్టదు. దగ్గర్లో ఒక పాత గుడి ఉంటే సంతోషిస్తుంది.

ఈ వానల్లో బీచ్ ఏంటని ఇంట్లో చుట్టాలందరూ అంటున్నారు. నాకు మాత్రం జనం లేనప్పుడే వెళ్ళాలని ఉంది. వెళ్ళొచ్చినవాళ్ళు, అక్కడే ఉండేవాళ్ళు కాస్త వివరంగా చెప్పండి.

గోవా_గ్యాంగ్

నా ఓటు గోవాకే. వానాకాలంలో గోవా అనగానే వద్దంటారు గానీ ఆ పచ్చదనం ఇంకెప్పుడూ కనపడదు. దక్షిణ గోవాలో పాలోలెం, అగోండా వైపు వెళ్ళండి, డిసెంబర్ రేటుతో పోలిస్తే గదులు బాగా తక్కువకే వస్తాయి, రోడ్లు ఖాళీ. ఒక్క విషయం ముందే చెప్తున్నా, ఒడ్డున తాత్కాలికంగా వేసే చిన్న హోటళ్ళు (షాక్‌లు), గుడిసెలు వానలకు ముందే విప్పేస్తారు, కాబట్టి సముద్రం ముందు కూర్చుని తినడం ఉండదు. లైఫ్‌గార్డులు ఎర్ర జెండాలు పెట్టేస్తారు, నీళ్ళలోకి దిగనివ్వరు. అది తప్ప ప్రశాంతతకు లోటు లేదు.

వాడరేవు_వాసి

మాది చీరాల దగ్గర, పుట్టి పెరిగింది సముద్రం పక్కనే. గోవా వానల్లో అందంగా ఉంటుంది, కాదనను. కానీ అక్క అడిగింది నడక, నిద్ర, చేపల కూర. జూలైలో అక్కడ వాన పట్టుకుంటే రోజంతా వదలదు, నడక పోయింది. ఇక చేపలంటారా, పడమటి తీరంలో జూన్ 1 నుంచి జూలై 31 దాకా వేట నిషేధం. మన తూర్పు తీరంలో ఆ నిషేధం ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలమని ఇంజన్ బోట్లన్నీ ఒడ్డునే కట్టేస్తారు. అంటే జూలైలో గోవా బోట్లు ఒడ్డున ఉంటే మా బోట్లు నీళ్ళలో ఉంటాయి. ఎండాకాలం సెలవల్లో పిల్లల్ని తీసుకుని వచ్చేవాళ్ళు నిషేధం రోజుల్లో వస్తారు, హోటల్లో పెట్టిన చెరువు రొయ్యలూ ఐసు చేపలూ తిని, సముద్రం చేప ఇంతేనా అనుకుని వెళ్ళిపోతారు. నాకు అది చాలా బాధగా ఉంటుంది.

మా దగ్గర జనం విరగబడేది కార్తీకంలో. ఆదివారాలు, సోమవారాలు, పౌర్ణమి స్నానాలు, సరుగుడు తోటల్లో వనభోజనాలు, బస్సులకు బస్సులు. తర్వాత జనవరి 1, సంక్రాంతి, మళ్ళీ ఎండాకాలం. ఆషాఢంలో పెళ్ళిళ్ళు ఉండవు, బడులు తెరిచి ఉంటాయి, కాబట్టి సోమవారం నుంచి గురువారం దాకా ఒడ్డంతా మీదే. శ్రావణం వచ్చాక చాలా ఇళ్ళలో నీచు మానేస్తారు, చేపల ధర కూడా కొంచెం దిగుతుంది.

సూర్యలంక, వాడరేవు, రామాపురం మూడూ ఒకే తీరం మీద ఉన్నాయి. సూర్యలంక బాపట్ల నుంచి 9 కిలోమీటర్లు, అక్కడ టూరిజం వాళ్ళ రిసార్టు సముద్రానికి దగ్గర్లోనే ఉంటుంది, పెద్దవాళ్ళకు నడక తక్కువ. పక్కనే ఎయిర్‌ఫోర్స్ స్టేషన్ ఉంది, వాళ్ళ కాల్పుల పరీక్షలున్న రోజుల్లో అటువైపు తిరగనివ్వరు. వాడరేవు జాలర్ల ఊరు, పడవలు, వలలు, ఎండు చేపల వాసన, లైట్‌హౌస్. ఊరంతా బతికి ఉంటుంది గానీ ప్రశాంతంగా పడుకోవడానికి రామాపురం వైపు వెళ్ళండి, తోటల మధ్యలో ప్రైవేటు రిసార్టులున్నాయి.

బందరు_బుల్లోడు

మా మంగినపూడి ఎవరూ చెప్పలేదేంటి? బందరు నుంచి పది పన్నెండు కిలోమీటర్లు, ఇసుక నల్లగా, మెత్తగా ఉంటుంది, చాలా దూరం వరకు లోతు ఉండదు.

వాడరేవు_వాసి

మంగినపూడి మంచిదే తమ్ముడూ. కాకపోతే అటువైపు పోర్టు పనులు నడుస్తున్నాయి కదా, లారీల సందడి ఎలా ఉందో నువ్వే చెప్పాలి.

బందరు_బుల్లోడు

నిజమే, దారిలో లారీలు ఎక్కువే. ప్రశాంతత ఒక్కటే ముఖ్యమైతే ఈ ఏడాదికి చీరాల వైపే వెళ్ళమంటాను. లడ్డు కోసం, పెడన కలంకారీ కోసం మా ఊరు ఇంకోసారి రండి.

కోనసీమ_కొబ్బరాకు

అంతర్వేది గురించి అడగబోతారేమోనని ముందే రాస్తున్నాను. వశిష్ఠ గోదావరి సముద్రంలో కలిసే చోటు, నరసింహస్వామి గుడి, లైట్‌హౌస్, ఒడ్డున నిలబడితే ఒక పక్క ఏరు, ఒక పక్క సముద్రం. మాఘంలో కల్యాణం, రథోత్సవం అప్పుడు కాలు పెట్టే చోటు ఉండదు గానీ మామూలు రోజుల్లో చాలా నెమ్మదిగా ఉంటుంది. మీ అమ్మగారికి తప్పకుండా నచ్చుతుంది.

కానీ జూలై చివర, ఆగస్టులో మాత్రం నేను రమ్మనను. అది వరద కాలం. పైన భద్రాచలం దగ్గర హెచ్చరిక ఇచ్చారంటే ఇక్కడ లంక గ్రామాల్లో అందరూ సామాన్లు సర్దుకోవడం మొదలుపెడతారు. కాజ్‌వేలు మునుగుతాయి, ఏరు దాటించే పంట్లు ఆపేస్తారు. సముద్రం ఎర్రమట్టి రంగులోకి తిరుగుతుంది, చెట్లు చేమలు కొట్టుకొచ్చి ఒడ్డున పడతాయి. పులస చేప దొరికేది ఆ రోజుల్లోనే, అది ఏటికి ఎదురీదుతూ వస్తుంది. దాని కోసం వచ్చేవాళ్ళు వస్తారు గానీ విశ్రాంతి కోసం వచ్చేవాళ్ళకు ఆ టెన్షన్ ఎందుకు? ఆ కల్యాణం రోజులు తప్పించి ఫిబ్రవరిలో రండి, పరీక్షల రోజులు కాబట్టి జనం ఉండరు, చల్లగా ఉంటుంది, దగ్గరుండి చూపిస్తాను.

సిక్కోలు_బిడ్డ

అమ్మా, నువ్వు నిజంగా ఒంటరితనం కోరుకుంటే మా శ్రీకాకుళం రావాలి. బారువ, కళింగపట్నం. బారువలో మహేంద్రతనయ నది వచ్చి సముద్రంలో కలుస్తుంది, కళింగపట్నంలో వంశధార. ఒకప్పుడు రెండూ రేవులే, ఇప్పుడు లైట్‌హౌస్‌లూ పాత ఆనవాళ్ళూ మిగిలాయి. కళింగపట్నం దగ్గర్లోనే శాలిహుండం బౌద్ధ క్షేత్రం, కొండ మీద, కాబట్టి మీ అమ్మగారికి కష్టం. ఉద్దానం అంతా కొబ్బరి, జీడిమామిడి తోటలు, దారిలో వెళ్తుంటేనే మనసు కుదుటపడుతుంది. అయితే హైదరాబాద్ నుంచి రాత్రంతా రైలు ప్రయాణం, దిగాక మళ్ళీ రోడ్డు. నాలుగు రోజుల్లో రానూపోనూ రెండు పోతాయి. గదులు కూడా తక్కువ. వారం సెలవు దొరికినప్పుడు పెట్టుకో. శీతాకాలంలో వస్తే తాబేళ్ళు గుడ్లు పెట్టడానికి ఒడ్డుకు వస్తాయి.

వాడరేవు_వాసి

ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు మా తీరానికీ వస్తాయి బాబాయ్. జనవరి నుంచి మార్చి దాకా. అటవీశాఖ వాళ్ళు గుడ్లు తీసి కంచెలో పూడ్చి, పిల్లలయ్యాక సముద్రంలోకి వదులుతారు. ఆ రోజుల్లో రాత్రిపూట ఒడ్డున టార్చిలైట్లు కొట్టకూడదు, దారి తప్పుతాయి. ఇది వచ్చేవాళ్ళందరికీ తెలియాల్సిన సంగతి.

ఓరుగల్లు_అన్న

నేను పోయిన వానాకాలం ఇదే తీరానికి వెళ్ళిన, పేరు చెప్పను గానీ ఒక రిసార్టులో దిగినం. గది తక్కువ రేటుకే ఇచ్చిన్రు. పోయినాక చూస్తే వంటామె సెలవుల ఉంది, అన్‌సీజన్ కదా సార్, కిచెన్ నడుస్తలేదు అన్నరు. కరెంటు పోతే జనరేటర్ రాత్రి పదింటి దాకానే. ఏసీ ఆగినాక ఆ ఉక్కలో మా నాన్న రాత్రంతా కూర్చునే ఉన్నడు. సముద్రం మాత్రం మస్తుగుంది, దాని తప్పేం లేదు.

కాబట్టి చెల్లెమ్మా, బుక్ చేసేముందు ఫోన్ చేసి అడుగు. కిచెన్ రోజూ నడుస్తదా, జనరేటర్ రాత్రంతా ఉంటదా, గది కింది అంతస్తులోనేనా, బాత్‌రూంలో వెస్టర్న్ కమోడ్ ఉందా, గదికీ ఒడ్డుకీ ఎంత దూరం. వెబ్‌సైట్ ఫొటోలల్ల ఇవి తెలియవు. ఎవరో ఒకరితోని మాట్లాడి, వాళ్ళు చెప్పింది వాట్సాప్‌లో రాయించుకో. అన్‌సీజన్ల రేటు తగ్గించమని అడగడం కన్నా ఇవి అడగడం ముఖ్యం.

మణికొండ_అమ్మాయి

అన్నా, చాలా థాంక్స్, కమోడ్ సంగతి నాకు తట్టనే లేదు, అమ్మకు అదే అన్నిటికన్నా అవసరం.

వాడరేవు వాసి గారూ, మీరు చెప్పింది చదివాక చీరాల వైపే మనసు లాగుతోంది. వాన మాటేంటి? నాలుగు రోజులూ గదిలోనే ఉండాల్సి వస్తుందా? ఇంకోటి, మా ఆయనకు ఈత వచ్చు, సముద్రంలో దిగుతానంటున్నారు. ఆ తీరంలో మునిగిపోయిన వార్తలు చదివినప్పటి నుంచీ నాకు భయం.

వాడరేవు_వాసి

వాన సంగతి. మా వైపు నైరుతి వాన గోవాలో లాగా కాదు. పగలంతా మబ్బుగా, ఒక్కోసారి చుర్రుమనే ఎండ, సాయంత్రం నాలుగైదింటికి ఉరుములతో ఒక జల్లు, గంటలో తెరిపిస్తుంది. జూన్‌లో రాకండి, పడమటి గాలి వేడిగా కొడుతుంది, సముద్రం పక్కన ఉన్నా చల్లదనం ఉండదు. నాలుగు వానలు పడ్డాక, జూలై సగం దాటాక బాగుంటుంది. ఉక్క ఉంటుంది, లేదని చెప్పను. పదకొండు నుంచి నాలుగు దాకా గదిలోనే ఉండండి, మీరు పడుకుంటామన్నది కూడా అప్పుడే కదా.

మా దగ్గర భయపడాల్సింది అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా. 1977 నవంబర్ 19 దివిసీమ ఉప్పెన మా పెద్దవాళ్ళు ఇప్పటికీ తలచుకుంటారు. 2023 డిసెంబర్ 5న మిగ్‌జాం తుపాను బాపట్ల దగ్గరే తీరం దాటింది, సరుగుడు చెట్లు వరసలకు వరసలు పడిపోయాయి. జూలై, ఆగస్టుల్లో వచ్చే అల్పపీడనాలు ఎక్కువగా పైన ఒడిశా వైపు వెళ్తాయి, మాకు వానా గాలీ మాత్రం తగులుతాయి.

ఈత గురించి మాత్రం గట్టిగా చెప్తున్నాను, దిగొద్దనే చెప్పండి. ఈత వచ్చా రాదా అన్నది కాదు ఇక్కడ లెక్క. బావిలో ఈత వేరు, చెరువులో వేరు, ఇది వేరు. మోకాలి లోతు చాలు.

అలల_లెక్క

ఆ ప్రమాదం ఎలా జరుగుతుందో కొంచెం చెప్తాను, తెలిస్తే మీ ఆయనే దిగరు. ఒడ్డుకు వచ్చి విరిగిన అలల నీళ్ళన్నీ మళ్ళీ లోపలికి పోవాలి కదా. అవి ఒడ్డు పొడుగునా సమానంగా వెనక్కి పోవు, ఇసుక దిబ్బల మధ్య ఎక్కడో సన్నటి కాలువలా దారి చేసుకుని ఒక్కచోట నుంచే వేగంగా పోతాయి. పైనుంచి చూస్తే అక్కడ అలలు విరగవు, నీళ్ళు నున్నగా, నెమ్మదిగా కనిపిస్తాయి. కొత్తవాళ్ళు ఇక్కడ అలలు తక్కువున్నాయని సరిగ్గా అక్కడే దిగుతారు. రంగు కాస్త ముదురుగా ఉన్నా, నురగ లోపలికి జారుతున్నా అది ఆ చోటే. దాని పట్టులో చిక్కితే ఒడ్డుకు ఎదురీదకూడదు, ఎంత బలమున్నా అలసిపోతారు. ఒడ్డు వెంబడి పక్కకు ఈదాలి, ఆ కాలువ దాటాక అలలే ఒడ్డుకు తోస్తాయి. ఈత రానివాళ్ళు నీళ్ళ మీద తేలుతూ చెయ్యెత్తి పిలవాలి.

ఇంకో మంచి సంగతి. దేశమంతటికీ సముద్రం అలల సూచనలు, సునామీ హెచ్చరికలు ఇచ్చే ఇన్‌కాయిస్ సంస్థ మన హైదరాబాద్‌లోనే, ప్రగతినగర్‌లో ఉంది. ఏ జిల్లా తీరంలో అలలు ఎత్తుగా ఉంటాయో వాళ్ళ వెబ్‌సైట్‌లో ముందే పెడతారు. బయల్దేరే ముందు రోజు బాపట్ల జిల్లా పేరుతో ఒకసారి చూసుకోండి. అమావాస్య, పౌర్ణమి దగ్గర పోటు ఎక్కువ, నడవడానికి ఒడ్డు తక్కువ మిగులుతుంది. పాటు ఉన్న గంటల్లో, అంటే నీళ్ళు వెనక్కి తగ్గినప్పుడు, తడి ఇసుక గట్టిగా ఉంటుంది, మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు పొడి ఇసుకలో కన్నా అక్కడ తేలిగ్గా నడవగలరు.

గోవా_గ్యాంగ్

ఇంత వివరం చదివాక నేనూ ఒప్పుకుంటున్నాను, చేపల కోసమైతే జూలైలో తూర్పు తీరమే. కానీ ఒక సందేహం. ప్రమాదాలు జరిగితే అక్కడ బీచ్‌లు మూసేస్తారని విన్నాను, వెళ్ళాక గేటు దగ్గర ఆపితే?

వాడరేవు_వాసి

అలా జరుగుతుంది. ఏదైనా దుర్ఘటన జరిగినా, వాతావరణ హెచ్చరిక ఉన్నా పోలీసులు కొన్ని రోజులు ఒడ్డుకు రానివ్వరు. రిసార్టు వాళ్ళకు ముందే తెలుస్తుంది, బయల్దేరే రోజు పొద్దున ఫోన్ చేస్తే చెప్తారు. ఆదివారాలు ఎక్కువగా తాగి వచ్చే కుర్రాళ్ళ గుంపులతోనే సమస్య, ఎంత అన్‌సీజన్ అయినా ఆదివారం ఆదివారమే. సీసాలు పగలగొట్టి ఇసుకలో వదిలేస్తారు, సోమవారం పొద్దున మా పిల్లలు కాళ్ళు కోసుకుంటారు. మీలాంటి వాళ్ళు మామూలు రోజుల్లో వస్తే మా ఊరికీ మంచిదే, ఏడాదంతా కాస్త పని ఉంటుంది, అందుకే ఇంత ఓపిగ్గా రాస్తున్నాను.

పులుసు_ప్రేమికుడు

చేపల గురించి అడిగారు, అసలు మాట ఎవరూ ఎత్తలేదు. ఈ రోజుల్లో ఏం తినాలి, ఎక్కడ కొనాలి?

వాడరేవు_వాసి

దీనికి తీరిగ్గా రాస్తా.

ఆరు లోపే ఒడ్డుకు రావాలి. సముద్రం మరీ పోటెత్తని రోజైతే అలివి వల లాగడం కనిపించొచ్చు. వల ఒక కొస ఒడ్డున ఉంచి, మిగతాది పడవలో వేసుకుని లోపలికి వెళ్ళి, అర్ధచంద్రంలా తిప్పుకుంటూ రెండో కొస దూరంగా ఇంకో చోట ఒడ్డుకు తెస్తారు. అక్కడి నుంచి రెండు జట్లు. తాడు నడుముకు ఆనించుకుని, మడమలు ఇసుకలో గుచ్చి, వెనక్కి వెనక్కి నడుస్తారు. అందరికన్నా వెనక ఉన్నవాడు తాడు చుట్ట చేసి వదిలేసి మళ్ళీ నీళ్ళ అంచుకు వెళ్ళి కొత్తగా పట్టుకుంటాడు. ఇలా గంటకు పైనే. వల దగ్గరపడే కొద్దీ రెండు జట్లూ ఒకదానికొకటి చేరువవుతాయి, కేకలు పెరుగుతాయి, చివరికి సంచి ఒడ్డుకు చేరుతుంది. కవళ్ళు, నెత్తళ్ళు, పారలు, మధ్యలో పీతలు. ఒక్కో రోజు అంత కష్టానికీ పిడికెడు నెత్తళ్ళే పడతాయి, అప్పుడు ఎవరూ మాట్లాడరు, వల దులుపుకుంటారు. ఫొటోలు తీసుకునే ముందు ఒక మాట అడగండి. తాడు పట్టుకోమంటే పట్టుకోండి, సంతోషిస్తారు.

చేపలు ఇసుకలోనే కుప్పలు పోసి వేలం పాట పెడతారు. గంపలు పట్టుకున్న ఆడవాళ్ళే పాడుకుంటారు, వాళ్ళ దగ్గర మీరు కొనుక్కోవచ్చు. బోట్లు ఇంకొంచెం పొద్దెక్కాక వస్తాయి, వంజరం, చందువ, పెద్ద రొయ్యలు వాటిలో ఉంటాయి. పేరున్న చేప కోసమే చూడకండి. కానాగంతలు తాజాగా దొరికితే వంజరం కన్నా రుచి, ధరలో చాలా తక్కువ. మొప్ప ఎత్తి చూస్తే ఎర్రగా ఉండాలి, కన్ను తేటగా ఉబ్బి ఉండాలి, వేలితో నొక్కితే గుంట పడకూడదు.

వండించుకోవడానికి ఊళ్ళో వండిపెట్టే ఇళ్ళున్నాయి, రిసార్టు వాచ్‌మన్‌ని అడిగినా చూపిస్తాడు. హోటల్ మసాలాలు వద్దని చెప్పండి. కానాగంతల పులుసు పొద్దున పెట్టించి రాత్రికి తినండి, చింతపండు ముక్కకు పట్టాలి. నెత్తళ్ళు మాత్రం వేపుడే, దించిన వెంటనే.

పులుసు_ప్రేమికుడు

కడుపు నిండింది సోదరా.

జాండ్రపేట_మగ్గం

అమ్మగారికి గుడి అన్నారు కదా. బాపట్లలో భావనారాయణస్వామి గుడి, చాలా పాతది, ఊరికి ఆ పేరు ఆయన వల్లే వచ్చిందంటారు. పొన్నూరులో కూడా భావనారాయణస్వామి ఉన్నారు, అక్కడే పెద్ద ఆంజనేయస్వామి విగ్రహం. శనివారం ఎలాగూ నీచు తినరు కాబట్టి, శనివారం కలిసొస్తే ఆ రోజు గుళ్ళకు పెట్టుకోండి.

వాన పడి ఒడ్డుకు వెళ్ళలేని పూట ఉంటే వేటపాలెం వెళ్ళండి, చీరాల పక్కనే. సారస్వత నికేతనం గ్రంథాలయం 1918లో మొదలైంది, ఇప్పటి భవనానికి 1929లో గాంధీ గారు శంకుస్థాపన చేశారు. పాత పత్రికలు, పుస్తకాలు అంత జాగ్రత్తగా దాచిన చోటు ఒక చిన్న ఊళ్ళో ఉండటం మాకు గర్వం. పరిశోధన చేసేవాళ్ళు ఎక్కడెక్కడి నుంచో వచ్చి కూర్చుని చదువుకుంటారు. చదివే అలవాటుంటే మీకు ఒక పూట ఇట్టే గడిచిపోతుంది. వచ్చేటప్పుడు వేటపాలెం జీడిపప్పు, మా జాండ్రపేటలో మగ్గం చప్పుడు వినిపించే ఏ ఇంటికైనా వెళ్ళి చీర. వానాకాలంలో మాకు అమ్మకాలు తక్కువ, మగ్గం గుంటలో నీళ్ళు ఊరితే పని కూడా ఆగుతుంది. ఈ రోజుల్లో నేరుగా కొంటే ఆ డబ్బు ఎంత ఆసరానో చెప్పలేను.

చరిత్ర_చదువరి

చీరాల వెళ్తూ చీరాల పేరాల ఉద్యమం తలచుకోకుండా ఎలా? 1921లో మున్సిపాలిటీ పన్నులు కట్టబోమని, దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మాట మీద జనం ఇళ్ళు వదిలి ఊరి బయట రామనగర్ వేసుకుని నెలల తరబడి పాకల్లో ఉన్నారు. ఇంకాస్త కిందికి చినగంజాం దగ్గర మోటుపల్లి, కాకతీయుల కాలంలో పెద్ద రేవు. విదేశీ వర్తకులకు భయం లేదని గణపతిదేవుడు వేయించిన అభయ శాసనం అక్కడిదే, 1244 నాటిది. ఆ గుడి దగ్గర నిలబడి, ఒకప్పుడు ఓడలు ఆగిన చోటు ఇదా అని చూడటం నాకైతే ఒళ్ళు పులకరించే అనుభవం.

ఓరుగల్లు_అన్న

చరిత్ర సారూ, చెల్లె చూడాల్సిన ప్రదేశాలు వద్దన్నది. అయినా మా కాకతీయుల ముచ్చట చెప్పిన్రు కాబట్టి నేను పోతా మోటుపల్లికి.

మణికొండ_అమ్మాయి

ఇంత సమాచారం వస్తుందనుకోలేదు, అందరికీ మనస్ఫూర్తిగా ధన్యవాదాలు. ఇంట్లో చదివి వినిపించాను, అలల లెక్క గారు రాసింది విన్నాక మా ఆయన మోకాలి లోతు దాటనని మాటిచ్చారు.

ఆగస్టు మొదటి వారం, సోమవారం పొద్దున దిగి గురువారం రాత్రి తిరుగు ప్రయాణం అనుకుంటున్నాం. రామాపురం వైపు ఒక రిసార్టుకు ఫోన్ చేసి ఓరుగల్లు అన్న చెప్పినవన్నీ అడిగాను, కింది అంతస్తు, కమోడ్, రాత్రంతా జనరేటర్ అన్నీ ఉన్నాయని వాట్సాప్‌లో పంపారు. ఆఫీసులో చెప్పేశాను, ల్యాప్‌టాప్ తీసుకెళ్ళడం లేదు.

కారులో రావాలా, రైల్లోనా? అమ్మ అంతసేపు కాళ్ళు ముడుచుకుని కూర్చోలేదు.

అలల_లెక్క

కారైతే నార్కట్‌పల్లి, మిర్యాలగూడ, పిడుగురాళ్ళ, చిలకలూరిపేట, పర్చూరు మీదుగా చీరాల. సుమారు 300 కిలోమీటర్లు, ఆగుతూ వెళ్తే ఆరేడు గంటలు. అమ్మగారికి రైలే మేలు, కింది బెర్తు దొరికేలా ముందే చేయించుకోండి. వానల్లో రైలు మార్గం గురించి ఒక మాట. 2024 సెప్టెంబర్ 1న కేసముద్రం, ఇంటికన్నె మధ్య పట్టాల కింద కట్ట కొట్టుకుపోయి విజయవాడ వైపు రైళ్ళు కొన్ని రోజులు ఆగిపోయాయి. నల్గొండ, గుంటూరు మీదుగా వెళ్ళే లైన్ వేరే ఉంది, అటునుంచి వచ్చే రైలు దొరికితే ఇంకా మంచిది. శుక్రవారం కూడా సెలవు పెట్టుకుంటే ఏ కంగారూ ఉండదు.

వాడరేవు_వాసి

రైల్లోనే రండి అక్కా. రాత్రి రైళ్ళు చాలావరకు తెల్లవారక ముందే చీరాలలో దింపేస్తాయి. చీకట్లో తోటల దారిన వెళ్ళొద్దు, స్టేషన్‌లోనే కాసేపు కూర్చుని వెలుతురు వచ్చాక ఆటో మాట్లాడుకోండి, ఎక్కేముందే రేటు చెప్పించుకోండి. గది ఎన్ని గంటలకు ఇస్తారో కూడా అడగండి, అన్‌సీజన్ కాబట్టి ముందే చెప్తే పొద్దున్నే ఇచ్చేస్తారు, మధ్యాహ్నం దాకా ఆపరు.

దోమల మందు, అమ్మగారికి పట్టు దొరికే చెప్పులు, గొడుగు మర్చిపోకండి. మందులు నాలుగు రోజులకు కాకుండా వారానికి సరిపడా తెచ్చుకోండి, రామాపురంలో రాత్రిపూట మందుల షాపు ఉండదు, చీరాల రావాలి. మంగళవారం పొద్దున పులుసు కావాలంటే సోమవారం సాయంత్రమే వండే ఆమెకు చెప్పాలి, ఎంతమందికి, ఏ చేపైతే ఇష్టం, కారం ఎంత. ఆ చేప ఆ రోజు వలలో పడకపోతే పడినదే వండమని కూడా చెప్పి ఉంచండి.